పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో ఎందుకు చెల్లదు? ఆ రూల్ వెనుక ఓ తెలుగు వ్యాపారి.. ఎవరీ గాజుల లక్ష్మీనర్సు శెట్టి?

చిలమత్తూరు: దొంగతనం జరిగింది.. అనుమానితుడు దొరికాడు.. విచారణలో నేరం ఒప్పుకున్నాడు. క్రైమ్ బులెటిన్‌లో రోజూ వినిపించే ముక్కలే ఇవి. ఇక కేసు క్లోజ్ అయినట్టేనని చూసేవాళ్లు అనుకుంటారు. కానీ అసలు విషయం వేరే ఉంది. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాటకు కోర్టులో విలువ లేదు. స్టేషన్‌లో ఎన్ని పేజీల స్టేట్‌మెంట్ రాయించినా సరే, దాంతో నేరం రుజువు కాదు.

ఈ రూల్ నిన్న మొన్నటిది కాదు. నూట అరవై ఏళ్ల నాటిది. ఊరికే కూడా రాలేదు. ఒప్పుకోలు కోసం మనుషుల్ని ఎలా హింసిస్తున్నారో దేశంలో ఎవరూ గట్టిగా మాట్లాడని రోజుల్లో, ఆ సంగతిని లండన్ పార్లమెంటు దాకా తీసుకెళ్లినవాళ్లలో ముందు వరుసలో ఉన్న వ్యక్తి ఓ తెలుగువాడు. లాయర్ కాదు, ఆఫీసర్ కాదు. మద్రాసులో బట్టల వ్యాపారం చేసుకునే సెట్టిగారు. పేరు గాజుల లక్ష్మీనర్సు శెట్టి.

ఆయన కథలోకి వెళ్లే ముందు అప్పట్లో మన ఏరియా పరిస్థితి ఏంటో చూడాలి.

ఇప్పుడు చిలమత్తూరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లా. మరి 1850ల్లో? అసలు అనంతపురం జిల్లాయే లేదు. అది 1882లో పుట్టింది. అంతకుముందు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపంతా బళ్లారి జిల్లా కిందే ఉండేది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఇక్కడి రైతు శిస్తు కట్టేది మద్రాసు ప్రభుత్వానికే.

ఊళ్లలో మాత్రం ప్రభుత్వమంటే ఒకే ఒక్క మనిషి.. తహసీల్దారు. శిస్తు వసూలు చేసేది ఆయనే. పోలీసు పని చూసేదీ ఆయనే. దొంగతనం జరిగితే పట్టుకోవాల్సింది ఆయన బంట్రోతులే. శిస్తు కట్టలేదని కట్టేసి కొట్టేదీ వాళ్లే. పై అధికారి అయిన కలెక్టరు ఎక్కడో బళ్లారిలో ఉంటాడు. బస్సులు, రైళ్లు లేని కాలం. సరిహద్దు పల్లె నుంచి కలెక్టరు దగ్గరికి వెళ్లాలంటే రోజుల తరబడి నడవాలి. పోనీ అర్జీ రాసి పంపితే? దాని మీద ఓ సంతకం పడి, విచారించండి అంటూ తిరిగి అదే తహసీల్దారు చేతికి వచ్చేది. అంటే ఎవరి మీద ఫిర్యాదు చేశారో విచారణ కూడా వాళ్లదే!

ఇక క్రైమ్ సంగతి. ఇప్పట్లా ఫింగర్‌ప్రింట్లు లేవు, సీసీ కెమెరాలు లేవు, డీఎన్ఏ అసలే లేదు. ఊళ్లో దోపిడీ జరిగితే పైనుంచి ఒత్తిడి. ఎవరో ఒకరు దొరకాలి. దొరికినవాడు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కేసు తెమిలినట్టే. ఒప్పుకున్నవాడు నిజంగా దొంగా కాదా అన్నది ఎవరికీ పట్టదు. ఇక్కడ రెండు నష్టాలు జరుగుతాయి. ఏ పాపం తెలియనివాడు జైలుకెళ్తాడు. అసలు దొంగ బయటే ఉంటాడు, ఇంకో ఊళ్లో ఇంకో ఇంటికి కన్నం వేస్తాడు.

ఇదేమీ ఊహ కాదు. సరిగ్గా ఆ శతాబ్దం మొదట్లోనే మైసూరు సరిహద్దు, చిత్తూరు పాలెగాళ్ల ప్రాంతాల్లో ఫాన్సీగర్లు అనే ముఠాలు బయటపడ్డాయి. బాటసారులతో స్నేహంగా కలిసి నడిచి, అదను చూసి మెడకు గుడ్డ బిగించి చంపి, శవాన్ని పూడ్చేసి వెళ్లిపోయేవాళ్లు. ఏళ్ల తరబడి అవి ఎవరి లెక్కలోకీ రాని హత్యలు. చిత్తూరు మేజిస్ట్రేట్ విలియం రైట్ ఆ ముఠాల్ని పట్టుకోవడం మొదలుపెట్టాకే విషయం బయటికొచ్చింది. రిచర్డ్ షెర్వుడ్ అనే డాక్టరు 1816లో దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. ఉత్తరాదిలో థగ్గుల మీద స్లీమన్ వేట అప్పటికింకా మొదలే కాలేదు. కొడికొండ చెక్‌పోస్ట్ దాటి నేషనల్ హైవే మీద రయ్యిన కర్ణాటకలోకి వెళ్లిపోయేవాళ్లకు ఇప్పుడిది నమ్మబుద్ధి కాదు కానీ, ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల దారుల్లో వెళ్లినవాడు తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లకు గ్యారంటీ లేదు.

సరే, శెట్టిగారి దగ్గరికి వద్దాం.

లక్ష్మీనర్సు శెట్టి 1806లో మద్రాసులో పుట్టారు. తండ్రి సిద్ధులు చెట్టి నీలిమందు వ్యాపారి. కాస్త చదువుకోగానే ఆయన కూడా వ్యాపారంలోకే దిగారు. బాగా సంపాదించారు. అప్పటి మద్రాసులో తెలుగు వ్యాపారులదే పెద్ద చెయ్యి. హాయిగా దుకాణం చూసుకుంటూ, గుడికి విరాళాలు ఇచ్చుకుంటూ బతికేస్తే ఆయన పేరు ఈ రోజు ఎవరికీ తెలిసేది కాదు.

ఆయన పేపర్ పెట్టారు. 1844 అక్టోబర్‌లో క్రెసెంట్ అనే ఇంగ్లీష్ పత్రిక మొదలైంది. ఎడిటర్‌గా ఎడ్వర్డ్ హార్లీ అనే ఇంగ్లీషాయన్ని పెట్టుకున్నారు. తెల్లవాళ్ల తప్పుల్ని తెల్లవాళ్ల భాషలోనే చెబితేనే వినబడుతుందన్న లెక్క. ప్రభుత్వానికి మొదటి రోజు నుంచే మండింది. పత్రిక వస్తోందన్న ప్రకటనను కూడా ప్రభుత్వ గెజిట్‌లో వేయనివ్వలేదు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే లాంచ్ కాకముందే రీచ్ తగ్గించేశారన్నమాట.

మరుసటి ఏడాదే పెద్ద గొడవ వచ్చింది. తమిళదేశంలో తిరునల్వేలి వైపు కొత్తగా క్రైస్తవంలోకి మారినవాళ్లకు, ఊళ్లోని మిగతావాళ్లకు మధ్య అల్లర్లు జరిగాయి. పెద్ద సంఖ్యలో అరెస్టులు, శిక్షలు. కేసులు మద్రాసులోని పై కోర్టుకు వచ్చాయి. అక్కడి జడ్జిల్లో ఒకరైన మాల్కమ్ లెవిన్‌కు, గవర్నర్ ట్వీడేల్ ప్రభుత్వానికి అస్సలు పడలేదు. కోర్టు పనిలో ప్రభుత్వం వేలు పెడుతోందన్నది లెవిన్ ఆరోపణ. చివరికి పదవి పోయింది ఆయనకే.

ఓ ఇంగ్లీష్ జడ్జి పదవి పోతే మద్రాసు వ్యాపారికి ఏంటి బాధ? శెట్టిగారు అలా అనుకోలేదు. 1846 అక్టోబర్ 7న మద్రాసులో పెద్ద బహిరంగ సభ పెట్టారు. అధ్యక్షుడు ఆయనే. వేల సంతకాలతో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు మహజరు వెళ్లింది. మత విషయంలో ఆయన గట్టి హిందువు, మిషనరీల మీద కోపం దాచుకున్న మనిషి కాదు. ఆ సభలో ఆ కోపం కూడా ఉంది. కానీ దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా లేచింది. ప్రభుత్వం చెప్పినట్టు తీర్పు రాకపోతే జడ్జినే పీకేస్తే, ఇక జైల్లో ఉన్నవాడు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి?

ఒక సభ, ఒక మహజరుతో పని కాదని ఆయనకు అర్థమైపోయింది. 1852 ఫిబ్రవరి 26న మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టారు. కాంగ్రెస్ పుట్టడానికి ఇంకా 33 ఏళ్లు ఉంది! ఆ మరుసటి ఏడాది కంపెనీ పాలన పొడిగింపు మీద లండన్‌లో చర్చ జరగబోతోంది. టైమింగ్ చూసి కొట్టారు. శిస్తు భారం, కోర్టుల ఆలస్యం, రోడ్లు లేకపోవడం, చదువు లేకపోవడం.. అన్నీ రాసి బ్రిటిష్ పార్లమెంటుకు పిటిషన్ పంపారు. అందులోనే ఉంది అసలు బాంబు. శిస్తు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణ.

లండన్‌లో ఎవరూ నమ్మలేదు. బ్రిటిష్ జెండా కింద టార్చరా? అబద్ధం అన్నారు కంపెనీ మనుషులు.

నమ్మించాలంటే చూపించాలి. 1853లో హెన్రీ డాన్బీ సేమర్ అనే ఎంపీ ఇండియా వచ్చాడు. కంపెనీ పాలనలో మార్పులు రావాలని అడిగే గ్రూపులో ఆయన ముఖ్యుడు. శెట్టిగారు ఆయన్ని బంగళాల్లో విందులకు వదిలేయలేదు. వెంటబెట్టుకుని పల్లెలకు తీసుకెళ్లారు. దెబ్బలు తిన్న రైతుల్నే ఎదురుగా నిలబెట్టారు. ఆఫీసు ఫైల్లో కనిపించనిది ఆ ఎంపీ కళ్లతో చూశాడు. ఇప్పుడైతే ఎవరో ఒకరు ఫోన్ తీసి షూట్ చేసేవాళ్లు. అప్పుడు ఆ పని చేయడానికి మనిషినే సముద్రం దాటించి తేవాల్సి వచ్చింది.

1854 జులైలో లండన్ కామన్స్ సభలో ఇది చర్చకు వచ్చింది. సేమర్ చూసింది చూసినట్టు చెప్పాడు. కంపెనీని వెనకేసుకొచ్చే సభ్యులు కాదన్నారు. చివరికి విచారణ వేయక తప్పలేదు. ఆ ఏడాదే మద్రాసులో ముగ్గురితో టార్చర్ కమిషన్ ఏర్పాటైంది. మద్రాసు నగర చీఫ్ మేజిస్ట్రేట్ ఇ.ఎఫ్. ఎలియట్, సివిల్ సర్వీసు నుంచి హెచ్. స్టోక్స్, లాయర్ జాన్ బ్రూస్ నార్టన్. ముగ్గురూ తెల్లవాళ్లే. అయితే నార్టన్ మాత్రం దక్షిణాది కోర్టులు ఎంత అధ్వానంగా ఉన్నాయో అంతకుముందే ఘాటుగా రాసిన మనిషి.

కమిషన్ కూర్చున్నది మద్రాసులో. బాధితులున్నది వందల మైళ్ల దూరంలో. ఇక్కడి నుంచి ఓ పేద రైతు పనులు వదిలేసి, దారి ఖర్చు పెట్టుకుని మద్రాసు వెళ్లి, తహసీల్దారు మీద సాక్ష్యం చెప్పి, మళ్లీ అదే తహసీల్దారు ఉన్న ఊరికి తిరిగి రావాలి. ఎంతమంది చేస్తారు చెప్పండి? అయినా వచ్చారు. కొందరు నడిచి వచ్చారు, రాలేనివాళ్లు ఉత్తరాలు రాశారు. మొత్తం ఫిర్యాదులు 1,959!

1855 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. అందులో ఏముందో చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కువగా వాడింది కిట్టి. రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కడం. తెలుగు జిల్లాల్లో దీన్ని చిరత అనేవాళ్లు. భజనల్లో వాయించే చిరతల పేరే ఈ పనిముట్టుకూ పెట్టారంటే ఎంత మామూలైపోయిందో చూడండి. ఇంకోటి మనిషిని వంచి, తల కాళ్లకు తగిలేలా తాడుతో కట్టేసి, ఎండలో గంటల తరబడి వదిలేయడం. వీపు మీద బండ పెట్టడం, జుట్టు పట్టి వేలాడదీయడం, కళ్లలో కారం కొట్టడం, అన్నం నీళ్లు ఆపేయడం.. లిస్టు చాలా పెద్దది. కొన్ని ఇక్కడ రాయలేం.

శిస్తు కోసం హింస ఉందా లేదా తేల్చమని మొదట పంపితే, కమిషన్‌కు రెండో సంగతి కూడా దొరికింది. నేరాల విచారణలోనూ సరిగ్గా ఇవే పద్ధతులు. అదే తహసీల్దారు, అవే బంట్రోతులు, అదే కిట్టి. శిస్తు బాకీ ఉంటే డబ్బు రాలాలి, దొంగతనం జరిగితే ఒప్పుకోలు రాలాలి. అంతే తేడా. శిస్తు అధికారం, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉన్నంతకాలం ఇది ఆగదని కమిషన్ తేల్చేసింది.

ఓ విషయంలో మాత్రం కమిషన్ మెత్తబడిందనే చెప్పాలి. తప్పంతా కింది స్థాయి దేశీ ఉద్యోగులదే, ఇంగ్లీష్ ఆఫీసర్లకు సంబంధం లేదన్నట్టు రాసింది. ఏళ్ల తరబడి జిల్లా ఏలుతున్న కలెక్టరుకు తెలియకుండానే ఇదంతా జరిగిందా? ఇదే ప్రశ్న అప్పట్లో లండన్‌లో ఉంటున్న ఓ జర్మన్ రచయితకూ వచ్చింది. ఆయన పేరు కార్ల్ మార్క్స్. 1857లో సిపాయిల తిరుగుబాటు వార్తలతో ఇంగ్లండ్ ఊగిపోతున్నప్పుడు, న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో ఆయన రాసిన వ్యాసానికి ఆధారం ఈ మద్రాసు నివేదికే. కిట్టి దెబ్బలు తిన్న రైతుల గోడు అలా అమెరికా దాకా చేరింది.

తర్వాత మార్పులు వరుసగా వచ్చాయి. 1859లో మద్రాసు పోలీసు చట్టం. తహసీల్దార్ల చేతిలోంచి పోలీసు పని తీసేసి వేరే శాఖ పెట్టారు. యూనిఫాం, ప్రత్యేక జీతం, ప్రత్యేక పైఅధికారి.. ఇప్పుడు చిలమత్తూరులో కనిపించే పోలీస్ స్టేషన్‌కు మూలం అక్కడే ఉంది. రెండేళ్లకు దేశం మొత్తానికి పోలీసు చట్టం వచ్చింది. అదే 1861లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఓ కొత్త రూల్ చేరింది. పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని. 1872 ఎవిడెన్స్ యాక్ట్‌లో అది సెక్షన్ 25 అయింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23. నంబరు మారింది, రూల్ మారలేదు.

ఇదంతా శెట్టిగారు ఒక్కరే సాధించారంటే అది ఎక్కువ చెప్పినట్టు అవుతుంది. లండన్‌లో మాట్లాడినవాళ్లున్నారు, లా కమిషన్లు ఉన్నాయి, నార్టన్ లాంటి లాయర్లున్నారు. కానీ ఆ ఫైల్ తెరుచుకోవడానికి మొదటి కాగితం మద్రాసు నుంచి వెళ్లింది. ఆ కాగితం వెనుక సొంత డబ్బు, సొంత పేపర్, సొంత పరువు పణంగా పెట్టిన మనిషి ఆయనే.

మరి ఆయనకేం మిగిలింది? ప్రభుత్వం తర్వాతి రోజుల్లో మెత్తబడి స్టార్ ఆఫ్ ఇండియా గౌరవం ఇచ్చింది. 1863లో మద్రాసు శాసనమండలికి నామినేట్ చేసింది. ఒకప్పుడు ఆయన పేపర్ ప్రకటన కూడా వేయనివ్వని ప్రభుత్వమే ఇది. డబ్బు మాత్రం మిగల్లేదు. సంపాదించిందంతా పత్రికకు, పోరాటాలకు పోయింది. 1868లో చనిపోయేనాటికి ఒకప్పటి శ్రీమంతుడు పేదవాడు.

ఆ తర్వాత వచ్చిన కాంగ్రెస్ నాయకుల పేర్లు స్కూలు పుస్తకాల్లో ఉన్నాయి. ఈయన పేరు పోటీ పరీక్షల బిట్లలో ఎక్కడో ఓ మూల కనిపిస్తుంది, మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపకుడు ఎవరు అని. టిక్ పెట్టి ముందుకెళ్లిపోతారు.

ఇంతకీ ఆ రూల్ ఇప్పుడు పనికొస్తోందా? దీనికి మన రాష్ట్రంలోనే ఓ కేసు ఉంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఓ ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. రాష్ట్రమంతా ఊగిపోయింది. ఎవరినో ఒకరిని పట్టుకోవాలన్న ఒత్తిడి మామూలుగా లేదు. మరుసటి ఏడాది ఓ యువకుడిని అరెస్ట్ చేశారు. నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. అమ్మాయి తల్లిదండ్రులే ముందుకొచ్చి ఇతను కాదని చెబుతూ వచ్చారు. చివరికి 2017 మార్చి 31న హైకోర్టు ఆ యువకుడిని నిర్దోషిగా వదిలేసింది. పరిహారం కింద లక్ష రూపాయలు ఇవ్వాలని చెప్పింది. అప్పటికి జైల్లో ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. మరుసటి ఏడాది కేసు సీబీఐ చేతికి వెళ్లింది.

చట్టంలో ఓ సందు కూడా ఉంది. పోలీసులకు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, చోరీ నగో, కత్తో, పూడ్చిన శవమో, ఆ దొరికినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. పాత చట్టంలో ఇది సెక్షన్ 27. లెక్క సింపుల్. దెబ్బలకు భయపడి మనిషి అబద్ధం చెప్పొచ్చు, కానీ భూమిలోంచి బయటపడ్డ వస్తువు అబద్ధం చెప్పదు. కాకపోతే ఆ వస్తువును నిజంగా నిందితుడే చూపించాడా, లేక ముందే తెచ్చి అక్కడ పెట్టారా అన్న చోట డిఫెన్స్ లాయర్లు రోజుల తరబడి వాదిస్తుంటారు. రికవరీ పంచనామాకు సాక్షులు ఎవరు, ఎక్కడి నుంచి తెచ్చారు అని కోర్టులు గుచ్చి గుచ్చి అడిగేది కూడా అందుకే.

నిందితుడు నిజంగానే ఒప్పుకోవాలనుకుంటే దారి వేరే ఉంది. మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లాలి. అక్కడ పోలీసులు ఉండకూడదు. ఒప్పుకోవాల్సిన అవసరం నీకు లేదని, ఒప్పుకుంటే నీ మీదే వాడొచ్చని మేజిస్ట్రేట్ ముందే చెప్పాలి. ఇష్టపూర్వకంగానే చెబుతున్నాడని నమ్మకం కుదిరితేనే రాసుకోవాలి. రాజ్యాంగంలోని ఆర్టికల్ 20(3) ప్రకారం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఇక టార్చర్‌కు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం మీద ఇండియా 1997లోనే సంతకం పెట్టింది. దాన్ని ఆమోదించడం మాత్రం ఇప్పటికీ పెండింగే.